పోలరాజు ఇథియోపియా బియ్యం

ఊరొదిలి ఉత్తరాదికి వలసొచ్చి భాలుబాసా బస్తీలో ఉంటున్న పోలరాజుకు సముద్రం దాటితే గాని జాలి పుట్టదు. ఎదురింటివాడు జారిపడితే "సూసుకుని నడవాల" అంటాడు. అదే, పేరు పలకడం రాని దేశంలో భూకంపం వచ్చిందని రేడియో చెప్పిందా, ఆ పూట చేపల పులుసు కూడా గొంతు దిగదు. కార్ఖానాలో క్రేన్ నడుపుతాడు కదా, పైన కూర్చుని కూర్చుని దగ్గరివి కనపడకుండా పోయాయని పెళ్ళాం నూకమ్మ సిద్ధాంతం.

ఓసారి అదే వీధిలో ఉండే నీలకంఠం చందాకి వచ్చాడు.

"ఏ దేశానికి?" అన్నాడు పోలరాజు.

"దేశమేటి బావా! మన యీధి బోరింగు సెడిపోనాది."

"మనకి కాళ్ళున్నాయి. పక్క యీధికెల్లి తెచ్చుకుందాం."

మర్నాడు నీలకంఠం మళ్ళీ వచ్చి, "పెరూలో బోరింగు సెడిపోనాది" అన్నాడు. పోలరాజు మారుమాటాడకుండా డబ్బు తీసిచ్చాడు. వీధంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. నూకమ్మ మాత్రం తల కొట్టుకుంది.

ఎనభై నాలుగులో ఇథియోపియా కరువొచ్చింది. పోలరాజు ఇంటింటికీ తిరిగి, అన్నం వండేటప్పుడల్లా పిడికెడు బియ్యం ఇథియోపియాకి తీసిపెట్టాలని శాసనం చేశాడు. ఆదివారం సంచి పట్టుకుని బయలుదేరేవాడు. పోగైన బియ్యం సాక్చి బజార్లో అమ్మి, ఆ సొమ్ము సహాయ నిధికి పంపేవాడు.

సరిగ్గా అప్పుడే పక్కింటి అసిరయ్య పనిలో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. కూలికి పెట్టుకున్న ఠేకేదారు మరుసటి రోజే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. ముగ్గురు పిల్లలు. పొయ్యి ఒక్కపూటే వెలుగుతోంది. అసిరయ్య పెళ్ళాం తవిటమ్మ అభిమానం ఎలాంటిదంటే, నూకమ్మ గిన్నెడు పప్పు పట్టుకెళితే "మాకూ ఉందొదినా" అని గిన్నె గిన్నెలాగే తిప్పి పంపేసింది.

నూకమ్మ మొగుడి మీద విరుచుకుపడింది.

"పక్కింట్లో గుంటలు గెంజినీల్లు తాగి పడుకుంటన్నారు. నీకు కనపడదేటి?"

"ఆలు నన్నడిగేరా?"

"ఇతోపియావోలు అడిగేరా?"

"రేడియోలో అడిగేరు!"

అని ఊరుకున్నాడా? గోడ మీంచి తవిటమ్మని కేకేశాడు. "తవిటమ్మా! ఇతోపియా బియ్యం సెరిగి జల్లించాల. సేత్తావా? మనూళ్ళో లాగే, సెరిగినోలివే నూకలు."

పని కాబట్టి తవిటమ్మ చాట పట్టుకుని వచ్చింది. నూకమ్మకు ఒళ్ళు మండిపోయింది. మంచి గింజ ఎక్కడో దేశానికి, నూకలు పక్కింటికా? మనిషన్నవాడు చేసే పనేనా ఇది!

చిత్రమేమిటంటే వారం వారం నూకలు పెరిగిపోతున్నాయి. తవిటమ్మ కొంగు నిండా మూటగట్టుకుని వెళుతోంది. పిల్లలు రెండు పూటలా నూకలన్నం తింటున్నారు. వీధికి నూకల బియ్యం అంటగడుతున్నాడని నూకమ్మ కిరాణా కొట్టువాడితో కొట్లాటకు వెళ్ళింది. వాడు బస్తా విప్పి చూపించాడు. ముత్యాల్లాంటి బియ్యం.

నోరు మూసుకుని ఇంటికొచ్చేసరికి పెరట్లోంచి దబ్ దబ్‌మని చప్పుడు. రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడనుకున్న మొగుడు, రోలు కింద గోనె పరిచి రోకలితో దంచుతున్నాడు. పక్కన ఇంటి బియ్యం డబ్బా మూత తీసి ఉంది.

"ఓలమ్మో! తిండి బియ్యం దంచేత్తన్నావేటి మావా?"

"నెమ్మదే! పక్కింట్లో తవిటమ్మ ఇంటాది."

"ఎందుకు మరి?"

"యీధోలిచ్చిన గింజ ఇతోపియాది. దాన్ని నాను ముట్టకూడదు. మన గింజిత్తే తవిటమ్మ పుచ్చుకోదు. నూకలైతే ఆవిడ కూలి. అందుకని మనయి ఇరగ్గొట్టి అందులో కలిపేత్తన్నాను."

నూకమ్మకి నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఈ పిచ్చి మహారాజు మీద పట్టలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. ఏదో అందామని రోట్లోకి చూసింది. సగం పిండైపోయి ఉంది.

"ఇయ్యి నూకలా? ముగ్గేసుకోడానికి బాగుంటాది. లే!" అని కొంగు బిగించి రోకలి లాక్కుంది.

ఆ ఆదివారం తవిటమ్మ చాటలో నూకలు వేళ్ళతో తిరగేసింది. తలెత్తలేదు.

"ఇన్నాల్లూ పిండి ఎక్కువుండేదొదినా. ఈ యారం ఎవులో సెయ్యి తిరిగినోలు దంచినట్టున్నారు" అంది.

మొగుడూ పెళ్ళాం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తవిటమ్మ గాజులు గలగలమనిపిస్తూ చెరుగుతూనే ఉంది.