ఎడమచేతి క్లచ్చు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు నన్ను నిజామాబాద్‌కు వేశారు. హోదా మోటారు వాహనాల తనిఖీ అధికారి. జనం నోట్లో మాత్రం ‘బ్రేకిన్‌స్పెక్టరు’. పని రెండు రకాలు: బండి సరిగా ఉందా చూడడం, నడిపేవాడికి చేతనవునా చూడడం. వారానికోసారి బోధన్ వైపు క్యాంపు ఉండేది. చుట్టూ చెరకు తోటలు, మధ్యలో మా మైదానం, రొట్టెల పీటంత చదును. ఈ కథంతా ఆ చదును వల్లే వచ్చింది.

ఆ ఏడు వానలు మొదలైన రోజుల్లో సాయిలు తన పాత కారుతో వచ్చాడు. ఒకప్పుడు చెరకు లారీ డ్రైవరు. లోడు కట్టిన గొలుసు తెగి, ఎడమకాలు మోకాలి కింద పోయింది. తండ్రికి కిడ్నీలు చెడిపోయి, వారానికి మూడుసార్లు నిజామాబాద్ ఆసుపత్రిలో డయాలసిస్. బస్సెక్కేటప్పుడు ఎవరు ఎవరిని పట్టుకోవాలో తెలియని జంట. తండ్రిని తన కారులో తనే తీసుకెళ్లేందుకు లైసెన్సు కావాలన్నాడు.

ఇలాంటి వాటికి చట్టంలో దారి ఉంది. మార్పు చేసిన బండిని ముందు మేం తనిఖీ చేసి, ఆ మార్పును ఆర్.సి.లో ఎక్కిస్తాం. తర్వాత అదే బండి మీద పరీక్ష పెట్టి, అలాంటి బండికి మాత్రమే చెల్లే లైసెన్సు ఇస్తాం.

మార్పు చేసింది ఖాజా అనే ట్రాక్టరు మెకానిక్. క్లచ్చు ఎడమకాలి పని. ఆ కాలు లేదు కనుక పనిని ఎడమచేతికి అప్పగించాడు. గేరు రాడ్డుకే స్కూటరు క్లచ్చు పిడి బిగించి, దాని వైరును కింద క్లచ్చుకు కలిపాడు. పిడి నొక్కి గేరు మార్చడం, మెల్లగా వదలడం, అంతే. పిడిని యాభైసార్లు నొక్కించాను, వెల్డింగును గోరుతో గీకి చూశాను. పైకి మెచ్చుకుంటే అధికారం పలచబడుతుందని ముఖం గంటు పెట్టుకున్నాను గానీ, లోపల ముచ్చటేసింది.

సాయిలు ఎనిమిది అంకె తిరిగాడు, రివర్సు వచ్చాడు. బండి ఒక్కసారీ కుదపలేదు. నేను ఫారం నింపసాగాను. ‘ఎత్తుమీద ఆపి తిరిగి కదిలించుట’ అని ఒక గడి ఉంటుంది. మా మైదానంలో ఎత్తెక్కడిది? క్యాంపుల్లో ఆ గడికి ఊరికే టిక్కు పెట్టేయడం నాకు ఏళ్లనాటి అలవాటు. ఆ రోజూ పెట్టేశాను.

సంతకం చేయబోతుంటే సాయిలు ఖాజా వైపు చూశాడు. ఖాజా వద్దన్నట్టు తలూపాడు. సాయిలు ఆగలేదు.

“సార్, గీడ మంచిగనే నడుస్తది. ఎత్తు మీద ఒక్కపారి ఆపిచ్చి సూడుండ్రి.”

ఎందుకని అడిగాను.

“మొన్న కాలువ కట్ట ఎక్కంగ ఎనుకకు జారి పక్కోళ్ల చెరుకుల వడ్డ. గప్పుడు నేనొక్కన్నే ఉన్న. రేపు దవాఖానకు వోతు రైలు బ్రిడ్జి ఎక్కంగ ఎనుక సీట్ల బాపు ఉంటడు.”

ఖాజా నెత్తి పట్టుకున్నాడు. “సదును జాగల పాసైతవ్, జెర సప్పుడు జెయ్యకుండు అని చెప్పిన సార్” అని నాకే మొరపెట్టుకున్నాడు.

ముగ్గురం అదే కారులో కాలువ కట్టకు పోయాం. సగం ఎత్తులో ఆపమన్నాను. ఆపి, హ్యాండ్ బ్రేకు లాగాడు. తిరిగి కదలబోయేసరికి అసలు సంగతి బయటపడింది. క్లచ్చూ ఎడమచేతికే, సీట్ల మధ్య ఉన్న హ్యాండ్ బ్రేకూ ఎడమచేతికే. బ్రేకు దించడానికి పిడి వదిలితే ఇంజను ఆగుతుంది. ముందే బ్రేకు దించితే, కుడికాలు కింది బ్రేకు వదిలి యాక్సిలరేటరు మీదికి వెళ్లేలోగా బండి జారుతుంది. జారింది కూడా. పక్క సీట్లోంచి నేనే బ్రేకు లాగాను.

నాకు సిగ్గేసింది. ముందు పెట్టిన టిక్కును గీత గీసి కొట్టేసి, ఆ కొట్టివేత పక్కన సంతకం చేశాను. సాయిలు ముఖం వాడిపోయింది. “ఇంకో వారం బస్సులనే పోతం సార్” అని మాత్రం అన్నాడు.

పాత సర్కారు కార్లలో హ్యాండ్ బ్రేకు డ్రైవరుకు కుడివైపు, తలుపు పక్కన ఉండేది. ఆ సంగతి ఖాజాకు చెప్పి, పాడైన ఫారం వెనక బొమ్మ గీసిచ్చాను.

మరుసటి వారం బ్రేకు తలుపు పక్కకు చేరింది. కట్ట మీద సాయిలు ఎడమచేత్తో క్లచ్చు వదులుతూ, కుడిచేత్తో బ్రేకు దించాడు. బండి వేలెడు కూడా వెనక్కి రాలేదు. మొన్న చెరకు విరిగిన రైతు కట్ట కింద కాపలా నిలబడి ఉన్నాడు. అది చూశాకే ఇంటిదారి పట్టాడు. నేను ఆ గడికి, ఈసారి చూసి, టిక్కు పెట్టాను.

అప్పటి నుంచి ఆ క్యాంపుకు వచ్చిన ప్రతివాణ్నీ కాలువ కట్ట ఎక్కించాను. పని గంట ఆలస్యమయ్యేది, జనం తిట్టుకునేవారు. గడిలో టిక్కు పెట్టాలంటే కళ్లతో చూసి ఉండాలని, ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు నేర్పింది పరీక్షకొచ్చిన మనిషి. అంతకుముందు చూడకుండా పెట్టిన టిక్కులెన్నో నాకు లెక్క తెలియదు. ఆ డ్రైవర్లందరూ ఇప్పటికీ బండ్లు నడుపుతూనే ఉన్నారు.