చోడి చేలో జపాను పాటలు

ఆ రోజుల్లో మా చింతపల్లిలో నా గోడు పట్టించుకున్నవాళ్లు లేరు. ఇప్పుడూ లేరనుకోండి. ఇన్నేళ్లుగా ప్రతి పెళ్లిలోనూ న్యాయం అడుగుతూనే ఉన్నాను. మావాళ్లు నవ్వి, నన్ను విస్తరి ముందు కూర్చోబెడుతున్నారు. అందుకే మీతో చెబుతున్నాను.

కాఫీ నర్సరీలో పనికి కుదిరిన కొత్తలో, తోటలు చూడటానికి ఒక జపాను ఆయన వచ్చాడు. మిరియాల తీగల మధ్య ఆయన వెంట తిరిగినందుకు, వెళ్లేముందు తన క్యాసెట్ ఒకటి నా చేతిలో పెట్టాడు. వాళ్ల దేశపు కుర్రాళ్ల బ్యాండు, గిటార్లూ డ్రమ్సూను. వాళ్ల హిట్లన్నీ ఏరి కూర్చిన క్యాసెట్టట. అట్ట మీద చివరి పాట దగ్గర వేలు పెట్టి, రెండో చెయ్యి గుండె మీద వేసుకున్నాడు. (ఆ అట్ట మీది అక్షరాలు ఒక్కటీ నాకు రావు. బ్యాండు పేరు నేటికీ తెలియదు.)

మా ఇంట్లో టేప్‌రికార్డర్ లేదు. ఉన్నది మా అక్క మొగుడి సర్వీసు జీపులో. ఘాట్ దిగేదాకా బావ తెలుగు పాటలే వేసేవాడు. అక్కణ్నుంచి నర్సీపట్నం దాకా నా వంతు. "ఈ గుంటళ్లకేటి కట్టం వచ్చింది బాబూ, అలాగ ఏడుత్తన్నారు?" అని వెనక సీటు ముసలమ్మలు జాలిపడేవారు. చివరి పాట సగంలో ఉండగా స్టాండు వచ్చేది, బావ టక్కున ఆపేసేవాడు. పైగా పెన్సిల్ పెట్టి టేపు మొదటికి తిప్పేసేవాడు. ఆ పాటొక్కటీ వెయ్యమంటే, "ఏటిరా తొందర, పాట ఎక్కడికి పోద్ది?" అనేవాడు.

చేలోకి పోయింది. చోళ్లు, అదే రాగులు, కంకి పట్టే వేళకు చిలకలు దండుగా దిగేవి. పాత క్యాసెట్ల టేపు లాగి కర్రలకు కడితే, గాలికి జుయ్యిమని మోగి వాటిని బెదరగొట్టేది. ఒక ఆదివారం అక్కావాళ్ల చేనుకి వెళ్తే, గట్టు మీద నా క్యాసెట్ డొల్ల పడి ఉంది.

"ఏటి సేసినావు బావా? నీ క్యాసెట్లు బోలెడున్నాయి కదా."

"తెలుగు పాటలకి సిలకలు అలవాటు పడిపోనాయిరా. ఇయ్యైతే కొత్తవి."

"కర్రకి కట్టిన టేపు పాట పాడుద్దేటి?"

"పాడనప్పుడు నీదైతే ఏటి, నాదైతే ఏటి?"

అక్క అంబలి చేతికిచ్చి ఊరుకోమంది. ఆ ఏడు చిలకలు నిజంగానే వాలలేదు, ఊరంతా బావని మెచ్చుకుంది. అదీ నా ఖర్మ. నేను మాత్రం గట్టున కూర్చుని, ఆ మోతలో చివరి పాట ఏ కర్ర దగ్గరుందా అని చెవి రిక్కించాను. తర్వాత విశాఖలో సీడీల షాపుకి వెళ్తే పేరు చెప్పమన్నారు. వచ్చిన సగమూ పాడాను. షాపాయన ఫ్యాను వేసి, మంచినీళ్లిచ్చాడు.

మొన్న బావ జీపు కడుగుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. అది నా సగం పాటే. సగం దాటింది, ఇంకా సాగింది. నన్ను చూసి ఆపేశాడు.

బావా, ఖాళీ జీపులో నువ్వొక్కడివే ఆ పాట చివరిదాకా విన్నావా? లేక ఆ మిగతా సగం నీ సొంతమా? ఈసారి విస్తరి వేసినా కూర్చోను. ముందు చెప్పు.