ఆత్మకూరు పికప్‌కు ఏ టైర్లు?

ఈమధ్య కర్నూలు, కల్లూరు యువకులు పికప్ బండ్ల ఎత్తు పెంచుకొని, వాటికి ఏ టైర్లు వేయాలని నన్ను అడుగుతున్నారు. ప్రశ్న ముగిసేలోగా జవాబూ వారే చెబుతున్నారు: పెద్దవి, లోతైన గళ్ళున్నవి. టైరు ఎంపికకు ఒక క్రమం ఉంది. అది నోటిమాటగా పోరాదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

2005 ఏప్రిల్‌లో నేను కర్నూలులోని ఒక ప్రభుత్వ వాహన మరమ్మతు కేంద్రానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా బదిలీపై వచ్చాను. ఏ శాఖ బండికైనా కొత్త టైర్లు కావాలంటే ఆ శాఖాధికారి ఇండెంటు పెట్టాలి, అంటే రాతపూర్వకంగా కోరాలి. పాత టైర్లు పనికిరావని ధ్రువీకరించడం, కొత్తవాటి రకం నిర్ణయించడం నా విధి. చేరిన కొద్దిరోజులకే ఆత్మకూరు వైపు పనిచేస్తున్న పశువైద్యురాలు డాక్టర్ సరళ ఇండెంటు నా బల్లమీదికి వచ్చింది. ఆమె టీకాలు తీసుకువెళ్ళే మధ్యరకం పికప్‌కు నాకు ముందున్న అధికారి స్ప్రింగులకు అదనపు పట్టీలు వేయించి, బండి అడుగుభాగం రాళ్ళకు తగలకుండా నాలుగు వేళ్ళ ఎత్తు లేపించారు. ఇప్పుడు దానికి బురదలో నడిచే పెద్ద టైర్లు కావాలని ఆమె కోరారు.

మరునాడు ఆమే స్వయంగా వచ్చారు. వెంట డ్రైవరు ఖాదర్, నల్లమల అంచున గొర్రెలు మేపుకొనే మద్దిలేటి ఉన్నారు. తొలకరికి మొలిచిన లేతగడ్డి మేసిన గొర్రెలకు చిటుకు రోగం వస్తుంది. పొద్దున మేతకు పోయిన గొర్రె సాయంత్రానికి పడిపోతుంది. చికిత్సకు వ్యవధి ఉండదు. వానలకు ముందే టీకా వేయాలి. కిందటేడు ఆ టీకా మద్దిలేటి ఊరికి చేరలేదు. మందలో సగానికి పైగా పోయింది.

“సారూ, పోయినేడు బండి బురదలో కూసుండె, నా గొర్రెలు పాయె,” అన్నాడు మద్దిలేటి. “మిగిలిండేటివి గూడా పోతే నేను కూలికి పోవాల్సిందే. ఈతూరి పెద్ద టైర్లు ఎయ్యండి సారూ.”

టీకా వానలకు ముందు వేసేదైతే, ఆ రోజున బురద ఎక్కడిదని అడిగాను. కిందటేటి టైర్లను ఆవరణలో వరుసగా పెట్టించాను. నేలను తాకే భాగం ఇంకా అరగలేదు. రెండింటికి మాత్రం పక్కగోడ, అంటే చక్రానికీ నేలకూ మధ్య నిలిచే పలుచని రబ్బరు భాగం, కత్తితో కోసినట్టు చీలి ఉంది.

“ఒకే దినం రెండు చీలినాయి సాబ్,” అన్నాడు ఖాదర్. “స్టెప్నీ ఒకటే ఉండె. ఐసంతా కరిగిపాయె, మందు చెడిపాయె, ఎనక్కొచ్చినాం.”

“మరి బురద?”

“అది గొర్రెలు సచ్చినంక చూసేకి పోయినాం గదా సాబ్, అప్పుడు.”

మందు చేరకుండా ఆపింది ఎండాకాలపు రాయి. ఆ ముగ్గురి మనసులో నిలిచింది చావు చూడబోయిన రోజు బురద.

పెద్ద టైర్లను నేను తిరస్కరించాను. ఎత్తు పెంచిన బండి మలుపుల్లో అసలే ఎక్కువ ఒరుగుతుంది. పెద్ద టైరు ఆ ఒరుగుడును పెంచుతుంది. బరువుతో స్ప్రింగు అణిగి, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటుంది. బ్రేకుకు భారం. మీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపుతుంది. బురద టైరు గళ్ళ మధ్య కంకర ఇరుక్కొని రబ్బరును తొలుస్తుంది. కాబట్టి కంపెనీ నిర్దేశించిన కొలతలోనే, గళ్ళు మధ్యరకంగా ఉండి, పక్కగోడలో దారపు పొరలు ఎక్కువగా ఉన్నవి ఎంచాను. స్టెప్నీలు రెండు మంజూరు చేశాను.

టైర్లు బిగించాక ఖాదర్ బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు. “ఒంటెకు మేకకాళ్ళు తగిలించినట్టుండాది సాబ్!” అన్నాడు. మద్దిలేటి నవ్వలేదు. వాన ముందే వస్తే ఏమిటని డాక్టరుగారు అడిగారు. బాధ్యత నాదని ఇండెంటు మీద రాసి సంతకం చేసి, టీకా రోజున బండిలో నేనూ వస్తానని చెప్పాను.

మే నెలలో డాక్టరుగారు, ఖాదర్, నేను ఆత్మకూరు నుంచి బయలుదేరాం. ఎండిన వంకలోకి దిగగానే, ఇసుకలో పట్టు కోసం టైర్లలో గాలి తగ్గిస్తానన్నాడు ఖాదర్. వద్దన్నాను. గాలి తగ్గితే పక్కగోడ ఉబ్బి రాతి అంచుకు ఎదురుగా నిలుస్తుంది. ఇసుక దాటడానికి డాక్టరుగారూ నేనూ దిగి కాసేపు బండిని నెట్టవలసి వచ్చింది. అవతలి పలకరాళ్ళ దారిలో వెనుక చక్రం ఒక అంచు మీది నుంచి జారింది. ఆపించి దిగాను. పక్కగోడ మీద వేలు పట్టేంత గాటు పడింది. లోపలి దారాలు మాత్రం తెగలేదు. ఖాదర్ చెవి ఆనించి విన్నాడు.

“గాలి పోతాలేదు సాబ్. ఎక్కండి.”

మద్దిలేటి ఊరు చేరేసరికి టీకా పెట్టెలో ఐసు గడ్డలుగానే ఉంది. మద్దిలేటి ఒక్కొక్క గొర్రెను మోకాళ్ళ మధ్య బిగించి పట్టుకొంటుంటే డాక్టరుగారు సూది వేశారు. “యాడికి పోతావే, నిలబడు!” అని గొర్రెలను తిట్టడమే తప్ప అతను టైర్ల వైపు చూడనే లేదు. తొలకరి వచ్చింది, గడ్డి మొలిచింది, ఆ ఏడు అతని మంద నిలిచింది.

వానాకాలంలో అదే బండి వేరే పని మీద వెళ్ళి నల్లరేగడిలో దిగబడింది. “మీ టైర్లు సబ్బు మాదిరి జారుతాండాయి సాబ్,” అని ఖాదర్ ఫోను చేశాడు. ఎద్దులను కట్టి లాగించమన్నాను, లాగించాడు. పై అధికారి సంజాయిషీ అడిగారు. ఇది ముందే తెలిసిన విషయమనీ, టైర్లు మార్చవలసిన పని లేదనీ జవాబిచ్చాను.

బురదలో దిగిన బండిని జత ఎద్దులు బయటికి లాగుతాయి. అడవిలో చీలిన టైరును ఏ ఎద్దూ అతకలేదు. బండి ఏ కాలంలో, ఏ నేల మీద, ఏ పనికి తప్పక చేరాలో ముందు తేల్చుకోవాలి. తరువాత పాత టైరు ఎక్కడ దెబ్బతిన్నదో చూడాలి. బండి ఎత్తు, యజమాని ఇష్టం ఆ తరువాతి మాటలు. నేను ఉద్యోగం విరమించాక రబ్బరు తయారీ చాలా మారిందని విన్నాను. ఇందులో కాలం చెల్లిన సంగతిగానీ, పొరపాటుగానీ ఉంటే ఈ వృత్తిలో ఉన్నవారు మొహమాటపడక తెలియజేయాలి, సరిదిద్దుకుంటాను.