టేపుగారూ, అత్తగారి పొయ్యీ

ఎవరింటికి వెళ్ళినా టేపుగారు ముందు పలకరించేది మనుషుల్ని కాదు, పొయ్యిని. చెప్పులు విప్పీ విప్పకముందే వంటింట్లో దూరి, కొలత టేపు సర్రున లాగి, పొయ్యి నేలకెంత ఎత్తుందో నోటుబుక్కులో రాసుకుంటారు. ఆ తర్వాతే "అంతా కులాసాయేనా?" అంటారు. అప్పటికి ఇంట్లోవాళ్ళకి కులాసా మిగిలుండదు. ఆయన వస్తున్నారంటే టీ కొట్టతను పొయ్యికి అడ్డంగా నిలబడతాడు.

అలాగని తీసిపారేయాల్సిన మనిషి కాదు. సరస్సు గట్టున జరిగే పురావస్తు తవ్వకాలన్నీ ఆయన చేతి మీదుగానే సాగుతాయి. అక్కడ పటాలు గీసే ఉద్యోగం మన కోడలుపిల్లది. ఆమె ఇల్లేమో ఒడ్డు వీధిలో అన్నిటికంటే పల్లంలో ఉంది. మొగుడు ఓడలో పనికెళ్ళాడు, మంచికైనా చెడుకైనా అత్తాకోడళ్ళిద్దరే. ఈ ఏడు వాన తెరిపివ్వడం లేదు. రేవులో మొన్న ఆరు మెట్లు కనిపించాయి, నిన్న ఐదు, ఇవాళ నాలుగు. ఆమెకు కంటిమీద కునుకు లేదు.

"చూశావా అమ్మాయ్," అన్నారు టేపుగారు గుంట అంచున గొంతుక్కూర్చుని. "వేటాడి, దుంపలు తవ్వుకుని బతికిన జనం. వానలు ముదిరి సరస్సు పొంగినప్పుడల్లా పొయ్యిని పైకి జరిపారు. కరువొచ్చి నీళ్ళు తగ్గితే మళ్ళీ కిందికి దిగారు. పదకొండు పొయ్యిలు, పదకొండు మకాములు!"

"మరి ఈ పన్నెండోది?"

ఆయన ముఖం చిన్నబోయింది. "ఇది కదల్లేదమ్మా. కాలుతున్న చేప కాలుతున్నట్టే ఒండ్రులో కూరుకుపోయింది. వాళ్ళనెవరైనా బయల్దేరదీసి ఉంటే..." అంటూ, అప్పటికే పదిసార్లు కొలిచిన ఆ పొయ్యిని మళ్ళీ కొలిచారు.

ఆ సాయంత్రమే ఆయన అత్తాకోడళ్ళ వంటింట్లో ఊడిపడ్డారు. అత్తగారు పొట్టి, నోరు మాత్రం గట్టి. పొయ్యి కొలిచినందుకే ఆవిడ మండిపడుతుంటే, ఆయన టేపును ఆవిడ మోచేతి దాకా పట్టారు.

"ఏవయ్యా, నేనేం రాతియుగందాన్నా?"

"కాదండీ. వాళ్ళయితే ఈపాటికి కదిలేవారు."

కోడలు నాలిక్కరుచుకుంది.

"నేను కదలను! నన్ను కదిలించాలంటే నా పొయ్యితో సహా కదిలించాలి!"

"రాసుకోమంటారా?" అని అడిగారు టేపుగారు, అప్పటికే రాసేసుకుంటూ.

నాలుగోనాడు పొద్దున్నే నీళ్ళు గుమ్మం దాటాయి. "అత్తయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను, పదండి," అని కోడలు ఏడ్చింది. అత్తగారు పీట మీద పీట వేసుకుని కూర్చున్నారు తప్ప లేవలేదు. ఇంతలో టేపుగారు వచ్చారు. గ్యాసు గొట్టం ఊడదీసి, పొయ్యిని నెత్తిన పెట్టుకుని బయటికి నడిచారు.

"దొంగ! దొంగ! నా పొయ్యి!" అంటూ అత్తగారు ఒక్క దూకు దూకి మోకాలి లోతు నీళ్ళలో ఆయన వెంటపడ్డారు. ఆవిడ వెనకాల గిన్నెల మూటతో కోడలు. ముగ్గురూ గట్టెక్కి, వగరుస్తూ తవ్వకాల మ్యూజియం మేడమీది హాల్లోకి వచ్చి పడ్డారు.

రాతి గొడ్డళ్ళ అద్దాల పెట్టెల మధ్య వరసగా ఇటుక అరుగులు, ఒక్కోటీ ఒక్కో ఎత్తు. ప్రతిదాని మీదా సుద్దతో ఇంటి నంబరు. ఒడ్డు వీధిలో ముప్పై రెండిళ్ళు, ఇక్కడ ముప్పై రెండు అరుగులు. టేపుగారు పొయ్యిని అన్నిటికంటే పొట్టి అరుగు మీద దించారు.

"ముందే చెప్పచ్చు కదండీ!" అంది కోడలు, నవ్వాలో ఏడవాలో తెలీక.

"కదలమని ఇంటింటికీ చెప్పానమ్మా. ఎవరూ వినలేదు. పొయ్యి కదిలితేనే మనిషి కదులుతాడు." నోటుబుక్కు తీసి వాళ్ళ ఇంటి నంబరు పక్కన 'కదిలింది' అని రాసుకున్నారు. "ఇంకా ముప్పై ఒకటి మొయ్యాలి."

అత్తగారు గిన్నె పెట్టి చూశారు, గరిట తిప్పి చూశారు. భుజం ఎత్తక్కర్లేకుండా సరిగ్గా మోచేతికి అందింది. పొగడాలంటే ఆవిడకి నోరు రాలేదు.

"అర అంగుళం ఎక్కువైంది," అన్నారు.

టేపుగారి ముఖం వెలిగిపోయింది. టేపు సర్రున లాగారు.

"ఆగవయ్యా! వీటిలో నీ పొయ్యి ఏది?"

"నాకు లేదండీ. ఒంటిగాణ్ణి. హోటల్లో తింటాను."

అత్తగారు ఆ టేపు లాక్కుని ఆయన నడుం చుట్టూ తిప్పి చూశారు. "ఇంతేనా? ఒసే కోడలా, పెద్ద గిన్నె తియ్యి."