ఆంటీ లేచినప్పుడు

ఈ దేశంలో హోటల్ గదుల్లో టీ కాచుకోవడం కుదరదు. గదికో కాఫీ మెషీన్ పెడతారు. అందులో ఉత్త నీళ్ళు పోసి వేడిచేసినా కాఫీ వాసనే వస్తుంది, మనకు ముందు ఆ గదిలో దిగినవాళ్ళందరి కాఫీ. ఇరవై రెండేళ్ళుగా ఈ సంగతి రిసెప్షన్‌లో చెబుతున్నాను. వాళ్ళు చాలా మర్యాదగా సారీ చెబుతారు.

అందుకే మా మెథడిస్టు సంఘాల మహాసభకు మా ఊరు కనాటా నుంచి కిచెనర్ వెళ్ళినప్పుడు, నాతో వచ్చిన ఆంటీ సూట్‌కేసులోంచి సొంత ఎలక్ట్రిక్ కెటిల్ తియ్యడం చూసి ఆవిడ మీద గౌరవం పెరిగింది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు. నర్సాపురం నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడి ఆసుపత్రుల్లో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయ్యారు. సండే స్కూల్లో మా అమ్మాయికి కీర్తనలు నేర్పింది ఆవిడే. మా తెలుగు సంఘం తరఫున మేమిద్దరం ప్రతినిధులం. ఆవిడను అనుభవం చూసి ఎన్నుకున్నారు. నన్నెందుకంటే, నాకు పెద్ద కారు, ఖాళీ వారాంతాలు ఉన్నాయి.

బయల్దేరే ముందు మా కమిటీ సమావేశమైంది. మహాసభ ముందున్న తీర్మానాల్లో అసలైనది ఒక్కటే. ఇద్దరు మగవాళ్ళకో ఇద్దరు ఆడవాళ్ళకో చర్చిలో పెళ్ళి చేయాలా వద్దా అన్నది ఏ సంఘానికి ఆ సంఘమే నిర్ణయించుకోవచ్చని. వద్దని ఓటెయ్యండని మాకు చెప్పడానికి కమిటీకి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తర్వాత వేసవి పిక్నిక్‌కి చికెన్ బిర్యానీయా మటన్ బిర్యానీయా అన్నదానికి నలభై నిమిషాలు పట్టింది. మొదటిదాని గురించి నేనేమీ మాట్లాడలేదు. మటన్ గురించి మాట్లాడాను.

మాట్లాడకపోవడానికి కారణం వాంకూవర్‌లో ఉంది. రెండేళ్ళ క్రితం మా అమ్మాయి ఫోన్ చేసి, తనతో ఉంటున్న అమ్మాయి రూమ్మేట్ కాదని, జీవితమంతా ఆ అమ్మాయితోనే ఉంటానని ఇంగ్లీషులో చెప్పింది. నేను "అన్నం తిన్నావా?" అని అడిగాను. తిన్నానంది. వాళ్ళమ్మ ఉంటే ఇంకేదైనా అడిగేదేమో. ఆవిడ పోయి అప్పటికి మూడేళ్ళు. ఆ తర్వాత కూడా ప్రతి ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం. అక్కడ వాన, ఇక్కడ మంచు. ఈ రెండింటితో ఈ దేశంలో ఎన్నేళ్ళయినా లాగొచ్చు.

సంఘంలో ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే అంతటితో పోతుందనుకున్నాను, పోలేదు. మా దగ్గర ప్రార్థన అంశాల జాబితా ఒకటుంటుంది. ఎవరి పీఆర్ కాగితాలు, ఎవరి ఉద్యోగం, ఎవరి మోకాళ్ళు. అందులో "సహోదరుని కుమార్తెకు తగిన సంబంధం" అని నా పేరుమీద ఒకటి ఎవరో చేర్చారు. తీసెయ్యమంటే ఎందుకని అడుగుతారు. కాబట్టి ప్రతి ఆదివారం ఊళ్ళో తెలుగువాళ్ళు పాతికమంది మా అమ్మాయికి మొగుణ్ణి ఇమ్మని దేవుణ్ణి అడుగుతుంటే, నేనూ తలవంచుకుని ఆమెన్ అంటూ వచ్చాను. జాబితా చదివేది ఆంటీయే. పోయిన చలికాలంలో ఎప్పుడో ఆ అంశం చదవడం మానేశారు. పాపం, వయసు మీద పడుతోంది, మరిచిపోతున్నారనుకున్నాను. గుర్తుచెయ్యలేదు.

మహాసభ మూడు రోజులు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు, వేరు కాపురాలు పెట్టబోయే అన్నదమ్ములు ఆఖరి పండక్కి ఉన్నట్టు. భోజనాల దగ్గర మాత్రం తీర్మానం కావాలన్నవాళ్ళు కిటికీల వైపు, వద్దన్నవాళ్ళు గోడ వైపు కూర్చునేవారు. ఆంటీ ఎక్కడ నర్సులు కనిపిస్తే అక్కడ కూర్చునేవారు. నేను మధ్యలో, చెత్తబుట్టల పక్కనున్న బల్ల దగ్గర తినేవాణ్ణి. ప్లేట్లు పడెయ్యడానికి వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను పలకరించి వెళ్ళేవారు.

రెండో రోజు మైకు దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి, ఇది నెగ్గితే మా సంఘం విడిపోతుంది, నా భార్య సమాధి ఆ చర్చి వెనకే ఉందని చెప్పి ఏడ్చాడు. ఆయన తర్వాత ఒకమ్మాయి, తను పదకొండేళ్ళుగా చర్చిలో ఆర్గన్ వాయిస్తున్నానని, ఇన్నాళ్ళూ తన సంగీతం మీద ఎవరికీ అభ్యంతరం లేకపోయిందని చెప్పింది. మా అమ్మాయి వయసే. బయటికొచ్చి వాంకూవర్‌కి ఫోన్ చేశాను. అక్కడ వాన పడుతోందట.

మూడో రోజు మధ్యాహ్నం ఓటింగ్. చేతిలో పట్టుకుని నొక్కే మెషీన్లేవో ఇచ్చారు గానీ అవి పనిచెయ్యలేదు. అప్పుడు సభ నడుపుతున్న బిషప్, తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు లేచి నిలబడండి, లెక్కపెడతాం అన్నారు. మాకు పనేమీ లేదు కదా అని నేను గడియారం చూసుకుంటున్నాను. పక్కన ఆంటీ ముందు కుర్చీ పట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ నా ఒళ్ళో పెట్టి లేచారు.

బాత్రూమ్‌కి అనుకున్నాను. పెద్దవాళ్ళు లేస్తే కూర్చుని ఉండటం మా ఇంట్లో అలవాటు లేదు. బ్యాగ్ పట్టుకుని నేనూ లేచాను. ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డారు. లెక్కపెట్టే మనిషి మా వరస దగ్గరికొచ్చి, పెన్సిల్‌తో ఆవిడ వైపు, తర్వాత నా వైపు చూపించి రాసుకున్నాడు. అప్పటికింకా కూర్చోవచ్చు. ఎందుకో కూర్చోలేదు.

తీర్మానం కొద్దిలో వీగిపోయింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆర్గన్ అమ్మాయి తన కుర్చీ మడిచి గోడకి ఆనించి వెళ్ళిపోయింది.

పార్కింగ్‌లోకి వచ్చేసరికి మా పాస్టరు గారి మెసేజ్ ఉంది. సభ ఆన్‌లైన్‌లో చూశారట. బ్రదర్, మీరూ ఆంటీ గారూ లేచారు, ఏదైనా పొరపాటు జరిగిందా అని. కారు స్టార్ట్ చెయ్యకముందే జవాబు పెట్టేశాను. పాస్టరు గారు వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టారు.

హైవే ఎక్కాక ఆంటీ కమలాపండు ఒలుస్తూ, ఎవరు మెసేజ్ అని అడిగారు.

"పాస్టరు గారు, ఆంటీ. కంగారేం లేదు. మీకు మోకాళ్ళ నొప్పి కదా, సాయంగా లేచానని చెప్పాను."

"నా మోకాళ్ళకేం, బానే ఉన్నాయి." నాలుగు తొనలు తీసి నా చేతిలో పెట్టారు. "క్రిస్మస్‌కి మీ అమ్మాయి ఫోన్ చేసింది. నాన్నకి చెప్తే అన్నం తిన్నావా అన్నాడు ఆంటీ అని నవ్వింది. తర్వాత చాలాసేపు ఏడ్చింది."

ముందు ఒక పెద్ద ట్రక్కు వెళుతోంది. దాటడానికి పక్క లేన్ ఖాళీగానే ఉంది. నేను దాని వెనకే వెళుతున్నాను. ఆవిడ తొక్కలు కాగితంలో చుట్టి, హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టి, జిప్ వేశారు.

"నేను మీ అమ్మాయి కోసం లేచాను బాబూ. నువ్వు నా హ్యాండ్‌బ్యాగ్ కోసం లేచావు."