బావ కుట్టుకున్న వానకోటు

ముప్పై ఏళ్లు దాటింది దీన్ని మొయ్యబట్టి. నువ్వు నన్ను ఎరగవు, నేను నిన్ను ఎరగను. అందుకే నీకు చెప్పగలుగుతున్నాను.

అరవైల చివర రాజాంలో నాకు దర్జీ కొట్టు ఉండేది. మా అక్క మొగుడు పోస్టుమేను. సైకిలు మీద పల్లెలు తిరిగేవాడు. కాస్త తడిస్తే పది రోజులు దగ్గే మనిషి. మిలిటరీవాళ్లు పాతదని అమ్మేసిన రబ్బరు పూత గుడ్డ విజయనగరంలో ఎక్కడో సంపాదించి, వానకోటు తనే కుట్టుకుంటానని బయల్దేరాడు. నేనుండగా! పైగా నా కొట్లోనే, గుడ్డలివ్వడానికి వచ్చినవాళ్ల ముందు, కుట్టడంలో ఏముంది, మడిచి సూది దింపడమే కదా అని నవ్వాడు. వేళాకోళానికే అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చొక్కా బొత్తాం ఊడితే మా అక్క చేతికిచ్చి నిలబడే మనిషి, కోటు కుడతాట్ట!

మర్నాడు మళ్లీ వచ్చాడు.

"ఒరే, ముందు కచ్చా కుట్లు ఎయ్యాలేటిరా?"

"ఎయ్యాలి బావా. దగ్గరదగ్గరగా ఎయ్. వంకరొస్తే ఊడదీసి మళ్లీ ఎయ్."

"గుడ్డకేటీ అవదు కదా?"

"ఏటీ అవదు."

కచ్చా కుట్లంటే గుడ్డ కదలకుండా ముందు వేసి, అసలు కుట్టు పడ్డాక లాగేసేవి. నూలుగుడ్డకి వాటివల్ల ఏమీ కాదు. ఒక్క ఉతుకుతో సూది కన్నాలు పూడిపోతాయి. రబ్బరు గుడ్డకి పడ్డ కన్నం పడ్డట్టే ఉంటుంది, నీళ్లు లాగుతూనే ఉంటుంది. దాన్ని కచ్చా కుట్లు లేకుండా ఒక్కసారే కుట్టి, కుట్టు మీద సైకిలు ట్యూబుకి రాసే సొల్యూషన్ పుయ్యాలి. నాకు తెలుసు. తెలిసే అలా చెప్పాను. తడిస్తే తడుస్తాడు, నలుగురూ నవ్వుతారు, అంతే అనుకున్నానా? ఆ దగ్గు సంగతి గుర్తు లేదా? ఉంది. ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నా, ఉంది.

నెల రోజులు కుట్టాడు, ఊడదీశాడు, మళ్లీ కుట్టాడు. ఆ కోటుని నమ్ముకుని ముసురులో ఎక్కడా ఆగకుండా పొద్దంతా సైకిలు తొక్కాడు. న్యుమోనియా పట్టుకుంది. బతికాడు గానీ నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఉద్యోగం పోయింది.

మంచం మీద ఉండగా చూడ్డానికి వెళ్లాను. "నువ్వు సరిగ్గానే సెప్పావురా, నా సెయ్యే మంచిది కాదు" అన్నాడు. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా? విప్పాను. "ఇప్పటికైనా తెలిసిందా బావా?" అన్నాను.

ఆ తర్వాత ఏళ్ల తరబడి, మంచం నులక బిగించాలన్నా "నా సేతికి రాదు" అని పక్కింటివాణ్ని పిలిచేవాడు. అది చూసి నాకు కోపం వచ్చేది, అతని మీదే! ఒక్క మాటని ఇంతలా ఎలా నమ్మేశాడు, వెర్రిబాగులవాడు, అని. చూశావా, ఇప్పటికీ తిడుతున్నది అతన్నే. తిట్టాల్సిన నీచుడు ఇక్కడ కూర్చుని రాస్తుంటే.

అతను పోయాడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు. ఉన్నా అడిగేవాణ్ని కాదేమో. అతని చెయ్యి మంచిదే. మంచం పక్కన మేకుకి తగిలించిన ఆ కోటుని, చూడ్డానికి వెళ్లిన రోజే తిప్పి చూశాను. అతని కుట్టు నా కుట్టు కన్నా తిన్నగా ఉంది. ఇన్నేళ్లకి ఈ మాట బయటికి అన్నాను. ప్రాణం కాస్త కుదుటపడింది. అది కూడా నాకు దక్కకూడనిదే.