పెద్దచెరువు అడుగున కడీల వెతుకులాట: చేపల మిషన్ ఏది కొనాలి?

నేను సర్వేయర్‌ని. నా కొలత తప్పదు. గొప్పలకు పోతున్నాననుకున్నా సరే. అందుకే యాదయ్య ఫోన్ చేసి "సారు, నీ కడీలు నా వలలు తింటున్నయ్" అన్నప్పుడు ముందు నవ్వాను, తర్వాత నవ్వు ఆగిపోయింది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు ఏళ్ళ తరబడి ఎండి ఉన్న రోజుల్లో, భూముల ధరలు నెలనెలా ఎగబాకుతుంటే, చెరువు అంచున ఒక వెంచర్‌కు ప్లాట్లు కొలిచి హద్దులకు నాలుగడుగుల రాతి కడీలు పాతించింది నేనే. చేపలు లేక కూలికొచ్చి ఆ గుంతలు తవ్వింది యాదయ్యే. తర్వాత వానలు దంచి కొట్టాయి. చెరువు నిండింది, ప్లాట్లు పదడుగుల నీళ్ళ కిందకు పోయాయి. యాదయ్య మళ్ళీ వల పట్టాడు.

నాకూ గాలం పిచ్చి ఉంది కాబట్టి నీటి అడుగును, చేపలను తెరమీద చూపించి, మనం చెరువులో ఎక్కడున్నామో మ్యాపు మీద చెప్పే మిషన్ ఒకటి కొనాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మోటార్లు అమ్మే తెలిసినాయన, గీత పడకుండా సోమవారం తెచ్చిస్తానంటే రెండు రకాలు ఇచ్చాడు. ఒకటి మ్యాపులు ముందే నింపి వచ్చేది, నలభై వేల పైమాటే. రెండోది అందులో పన్నెండు వేలు తక్కువ. దాంట్లో మ్యాపు ఉండదు, పడవ తిరిగిన కొద్దీ లోతులు కొలిచి తానే గీసుకుంటుంది. పైగా పడవకు రెండు పక్కలా కూడా చూస్తుంది. ఖరీదైనదే మంచిదని నేను ఇంట్లోనే తీర్పు చెప్పేశాను.

ఆదివారం పొద్దున ఆరున్నరకు బాలాపూర్‌లో బండి తీశాను. నాదర్‌గుల్, ఆదిభట్ల, బొంగ్లూరు మీదుగా ముప్పావు గంటలో ఇబ్రహీంపట్నం చేరాను. బండి లేనివాళ్ళు ఎల్‌బీ నగర్‌లో సాగర్ రోడ్డు బస్సెక్కితే మన్నెగూడ మీదుగా గంట పైనే పడుతుంది. ఒకప్పుడు ఆ దారంతా కందిచేలే. ఇప్పుడు ప్రతి ఫర్లాంగుకూ ఒక వెంచర్ బోర్డు. వాటిలో కొన్నింటికి నేనూ కొలత తాడు పట్టినవాణ్ణే, కాబట్టి ఎక్కువ మాట్లాడకూడదు.

కట్ట కింద యాదయ్య ఇంటి ముందు ఆయన భార్య లక్ష్మమ్మ వల ఒళ్ళో వేసుకుని కన్నులు కుడుతోంది. జొన్నరొట్టె, చేపలపులుసు పెట్టి, నేను రెండో రొట్టె తుంచేదాకా ఆగి చెప్పింది. "మూడు వలలు పోయినయ్ సారు. గిదే ఆఖరిది. గిది గూడ చినిగితే మన్నెగూడల అపార్ట్‌మెంట్ గేటు కాడ వాచ్‌మన్ లెక్క కూసుంటడంట. నీళ్ళల్ల పుట్టినోడు గేటు కాడ ఏం కూసుంటడు?"

"ఫికర్ చెయ్యకు అక్కా. ఏ కడీ ఎక్కడుందో జానెడు తేడా లేకుండా నా దగ్గర లెక్కుంది," అన్నాను. నిజంగానే ఉంది. పాత లేఅవుట్‌లోని మూల బిందువులన్నీ చిన్న మెమరీ కార్డులో వేసుకుని వచ్చాను. యాదయ్య మాత్రం రొట్టె వంకే చూస్తూ ఉన్నాడు.

తొమ్మిదింటికి ఫైబర్ పడవ దించాం. కింది నీళ్ళలోకి శబ్దం పంపి తిరిగి వినే ముక్కను వెదురు కర్రకు కట్టి పడవ పక్కన ముంచాం. చిన్న బ్యాటరీ చాలు, రోజంతా వస్తుంది. ఖరీదైన మిషన్‌లో మ్యాపు తెరిచాను. సముద్రాలూ రేవులూ ముచ్చటగా ఉన్నాయి. మన చెరువు మాత్రం ఒట్టి నీలం మచ్చ, ఒక్క లోతు అంకె లేదు. పోనీలే, నా బిందువులున్నాయి కదా అని కార్డు పెట్టాను. వలలు చినుగుతున్న పడమటి వరుసలో పన్నెండు గుర్తులు వచ్చాయి. ఒక్కో గుర్తు మీదికి పడవ నడిపించాను. తెరమీద చదునైన మట్టి తప్ప ఏమీ లేదు. గంటన్నర తిరిగాం. మామూలు జీపీఎస్ నాలుగైదు అడుగులు, పదడుగులు తప్పుతుందని తెలుసు, అందుకని చుట్టూ కూడా తిరిగాం. ఒక్క కడీ లేదు.

"మిషన్ ఖరాబుంది," అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని నాకే అనిపించింది.

యాదయ్య తెడ్డు ఆపాడు. "మిషన్ మంచిగనే ఉంది సారు. కడీలే ఆడ లేవు."

"మరెక్కడికి పోయినయ్?"

"నువ్వు కొలిచి పోయినంక వెంచరోళ్ళు పిలిచిండ్రు. ముప్పై ఫీట్ల రోడ్డు ఎందుకు, ప్లాట్లల్ల కలుపుదామన్నరు. వరుస మొత్తం పీకి పడమరకు జరిపిన. రెండు రోజుల కూలి. మళ్ళ నీళ్ళొస్తయని ఎవలనుకున్నరు?"

"ఇన్ని రోజులు ఎందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె? నీ కొలత చెడగొట్టింది నేనే అని చెప్పాలెనా? చెబుదామన్నా, గట్టు లేదు, చెట్టు లేదు. నీళ్ళల్ల పడమర ఏడనుంచి కొలవాలె?"

కోపం వచ్చింది. అబద్ధమెందుకు, బాగానే వచ్చింది. హద్దురాయి జరపడం మన ఊళ్ళలో కొత్త కాదు, పక్కవాడి చేనులోకి బెత్తెడు జరపనివాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. కానీ నా వరుసను నా మనిషే జరిపాడు. కార్డు తీసి రెండో మిషన్‌లో పెట్టి, దాన్ని బిగించాను.

నా గుర్తులకు పడమరగా పడవను తాపీగా నడిపాం. అది పక్కలకు చూసే రకం కదా, పావుగంటలో తెర కుడివైపు ఒక తెల్లచుక్క, దాని వెనక నల్లటి నీడ కనిపించాయి. తర్వాత ఇంకోటి. యాదయ్య వంగి చూసి, "గదే సారు, గదే" అన్నాడు మెల్లగా. మధ్యాహ్నానికల్లా పదకొండు దొరికాయి. పన్నెండోది పీకేటప్పుడే విరిగిందట. ఒక్కో దాని మీద ఒక కొసకు రాయి, ఇంకో కొసకు ఖాళీ సీసా కట్టిన తాడు దించి గుర్తు పెట్టాం.

నాలుగింటికి ఆ సీసాలకు ఇవతల ఆఖరి వల వేశాం. లోతు తక్కువ ఉన్న ఆ నీళ్ళలోకే రవ్వ చేపలు మేతకొస్తాయి. ఆరింటికి ఇద్దరం చెరో కొస పట్టి లాగాం. వల ఎక్కడా ఆగకుండా పైకి వచ్చింది, ఆరు రవ్వలతో.

ఒడ్డున లక్ష్మమ్మ చేపలను చూడలేదు. వలను ఆ చివరనుంచి ఈ చివరదాకా చేతులతో తడుముకుంటూ వచ్చింది. "ఎట్ల దొరికినయ్ సారు?" అంది. మిషన్ చెప్పిందన్నాను. యాదయ్య నిలబడే ఉన్నాడు. "మిషన్ కాదే. నేనే జరిపిన అప్పట్ల," అని మొత్తం చెప్పేశాడు.

"అంటే మూడు వలలు నువ్వే చింపుకున్నవన్నట్టు," అంది లక్ష్మమ్మ. తర్వాత వల మడత పెడుతూ, "గేటు కాడికి రానని ఆ అపార్ట్‌మెంటోళ్ళకు ఫోన్ చెయ్యి" అంది.

వచ్చేటప్పుడు దారిపొడవునా ఆలోచించాను. నా కాగితం మీద కొలత ఇప్పటికీ తప్పు కాదు. కానీ చేపకూ వలకూ నా కాగితంతో పనిలేదు, రాయి ఎక్కడుందో దానితోనే పని. మన చెరువులకు సరైన మ్యాపు ఏ కంపెనీ కార్డులోనూ నాకింతవరకు కనబడలేదు. దాన్ని మనమే తిరిగి గీసుకోవాలి. ఖరీదైనది తిరిగిచ్చేసి రెండోదే కొన్నాను. అది యాదయ్య పడవలోనే ఉంటుంది, ఆదివారాలు నేను వెళ్తాను. మీరూ గాలం వేయాలనుకుంటే ముందు అక్కడి మత్స్యకారుల సంఘాన్ని అడగండి.

కొనేవాళ్ళకు ఒక్క మాట. పక్కలకు చూసేది, తానే మ్యాపు గీసుకునేది, ఎండలో తెర కనబడేది తీసుకోండి. దానికంటే ముందు, ఆ చెరువు ఎండినప్పుడు అందులో నడిచిన మనిషిని వెతికి ఏమేం మునిగాయో అడగండి. ఇంటి దగ్గర కాదు, పడవలో కూర్చుని అడగండి.